ఫ్రిజ్జు మీది తేటగీతి: టీకా తాత్పర్య విశేష సహితము

అవతారిక

ఫ్రిజ్జు తలుపు మీద అయస్కాంతపు బిళ్ల కింద నిలిచిన చీటీని కావ్యమనవచ్చునా అని కొందరు శంకిస్తారు. రాతి మీద చెక్కితే శాసనమైంది, గోడ మీద బొగ్గుతో గీకితే చాటువైంది, మరి ఫ్రిజ్జు చేసిన పాపమేమిటి? పైగా పరదేశపు హాస్టల్లో దిగినవారందరూ రోజుకు పదిసార్లు ఎదుట నిలిచి తదేకధ్యానంతో చూసే స్థలం ఆ తలుపు ఒక్కటే. అంతమంది పాఠకులు మన ప్రబంధాల్లో దేనికి దొరికారు గనుక? కాబట్టి ఇది కావ్యమే. కావ్యమైన తరువాత వ్యాఖ్యాత తప్పడు.

కవి మా మేనల్లుడు. జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. క్రిస్మసుకు విశ్వవిద్యాలయం తలుపులు వేసుకున్నది, రూమ్మేట్లు తలోదిక్కు పోయారు. మావాడు హైదరాబాదు విమానం టికెట్టు ధర చూసి కళ్లు మూసుకొని, మళ్లీ తెరిచేసరికి ప్రాగ్ రైల్లో ఉన్నాడు. సుమారు రెండున్నర గంటల ప్రయాణం. వీపున సంచి, సంచిలో వాళ్లమ్మ కట్టిచ్చిన పోపు డబ్బా. జిజ్‌కోవ్ అనే పేటలోని ఒక హాస్టల్లో, ఎనిమిది మంచాల గదిలో, పై మంచం దొరికింది. ఆ పేటలో 1992లో పూర్తయిన టీవీ గోపురం ఉంది. దావిద్ చెర్నీ అనే శిల్పి చేసిన భారీ పసిపిల్లల బొమ్మలు దాని మీద నిలువునా పాకుతుంటాయి. ఇల్లు విడిచిన పిల్లలు ఎంతెత్తుకు పోతారో, కిందికి దిగడానికి ఎంత బద్ధకిస్తారో చూపడానికే వాటిని అక్కడ పెట్టారని, ఫొటో చూసిన మా అక్కయ్య అభిప్రాయం.

హాస్టలు గోత్రం కూడా చెప్పుకోవాలి. 1909లో రిఖార్డ్ షిర్‌మన్ అనే జర్మన్ బడిపంతులు పిల్లలను వెంటబెట్టుకొని కాలినడకన పోతూ గాలివానలో చిక్కి, ఒక ఊరి బడిలో తలదాచుకున్నాడు. సెలవుల్లో ఖాళీగా పడి ఉండే బళ్లలో బాటసారి పిల్లలను పడుకోనిస్తే ఏం పోతుందన్న ఆలోచన ఆ రాత్రి పుట్టింది. 1912లో ఆల్టెనా అనే ఊరి పాత కోటలో యూత్ హాస్టలు వెలిసింది. అది ఇప్పుడు మ్యూజియం. 1932 నాటికి దేశదేశాల హాస్టళ్లకు ఒక సమాఖ్యే ఏర్పడింది. ప్రపంచంలోని బంకు మంచాలన్నిటికీ మూలపురుషుడు ఒక పంతులని తెలిసి, నలభై ఏళ్లు తెలుగు పంతులుగా చేసిన మాకు కొంత గర్వం కలిగిన మాట నిజం.

డిసెంబరు 23 సాయంత్రం రిసెప్షన్‌లోని అమ్మాయి, మర్నాటి సామూహిక భోజనానికి నియమాలు ఇంగ్లీషులో రాసి ఫ్రిజ్జుకు అంటించింది. ఆ కిందనే మా మేనల్లుడు ఈ పద్యం రాశాడు. తెలుగు చదవగలవాడు ఆ భవనంలో తానొక్కడే. పాఠకులు లేకపోవడం కవిత్వానికి అడ్డంకి కాదని మన సాహిత్య చరిత్ర ఎన్నడో తేల్చింది.

మూలము

తేటగీతి

రేపు మధ్యాహ్న మంగళ్లు రెప్ప మూయు
వండి తేవలె నెవ్వారి వంట వారె
యెవరి గిన్నెలు వారలే యెత్తి కడుగ
వలయు, పది దాటినంతనే వలదు సద్దు.

ప్రతిపదార్థము

రేపు = డిసెంబరు 24వ తేదీన; మధ్యాహ్నము = సరిగ్గా పన్నెండు గంటలకు; అంగళ్లు = దుకాణములు; రెప్ప మూయు = మూతపడును; (కావున) ఎవ్వారి వంట = ఏ దేశమువారి వంటకమును; వారె = ఆ దేశమువారే; వండి = పచ్చిగా ఉండక, మాడక, పక్వముచేసి; తేవలెన్ = పొయ్యి నుండి బల్ల వరకు తీసికొని రావలెను; ఎవరి గిన్నెలు = ఎవరు మురికిచేసిన పాత్రలను; వారలే = వారే, అనగా పక్క మంచమువాడు కాదు; ఎత్తి = సింకులో నుండి పైకి తీసి; కడుగవలయు = సబ్బుతో తోమి పెట్టవలెను; పది దాటినంతనే = రాత్రి పది గంటలు కాగానే; సద్దు = చప్పుడు; వలదు = కూడదు.

తాత్పర్యము

రేపు పన్నెండింటికి కొట్లు కట్టేస్తారు. తినాలనుకుంటే మీ వంట మీరు చేసి అందరి ముందూ పెట్టండి. తిన్న గిన్నెలు కడగండి. పది తర్వాత నోరు మూసుకోండి.

దేశకాల నిర్ణయము

కవి పేరూ తేదీ చీటీ మీద లేవు. అయినా ఆధారాలు పద్యంలోనే ఉన్నాయి. చెక్ దేశంలో 2016 అక్టోబరు 1న అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, 200 చదరపు మీటర్లు మించిన దుకాణాలు డిసెంబరు 24న మధ్యాహ్నం 12కు మూయాలి, 25, 26 తేదీల్లో తెరవనే కూడదు. కాబట్టి పద్యరచన 2016కు ముందు జరగడం అసంభవం. ‘రేపు’ అన్నాడు కనుక రాసింది 23న. ఇది బెర్లిన్‌లో పుట్టిన పద్యమేమో అని పూర్వపక్షి అంటాడు. కుదరదు. జర్మనీలో ఆ రోజు అంగళ్లకు మధ్యాహ్నం రెండు దాకా గడువుంది. బెర్లిన్ కవి అయితే ‘మధ్యాహ్నము’ అని ఊరుకొనేవాడు కాడు, ఆ రెండు గంటల్లో మరో పద్యం రాసేవాడు.

ఛందో వ్యాకరణ విశేషములు

పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి. డిసెంబరు చివర ప్రాగ్‌లో సాయంత్రం నాలుగింటికే పొద్దుగూకుతుంది. ఆకాశంలో కరువైన సూర్యుణ్ణి పాదానికి మూడు చొప్పున తెచ్చుకోవడంలో కవి చలికి వేసుకున్న విరుగుడు కనిపిస్తుంది.

‘మధ్యాహ్నము, అంగళ్లు’ అన్నచోట ఉత్వసంధి జరిగి ఉకారం లోపించింది. పన్నెండుకూ మూతకూ నడుమ ఒక్క అచ్చుకైనా చోటు లేదని, ఒక నిమిషం ఆలస్యమైతే లోపలికి రానివ్వరని ధ్వని.

‘కడుగవలయు’ అనే క్రియ మూడో పాదంలో మొదలై నాలుగో పాదంలో గాని పూర్తికాదు. గిన్నెలు కాసేపు నాననిచ్చి తరువాత కడుగుదాంలే అనే మానవ స్వభావాన్ని కవి పాదం విరిచి చూపించాడు. ఫోనులో ఈ మాట చెప్పి మెచ్చుకోగా, “అదేం లేదు మామయ్యా, పై లైన్లో పట్టలేదు, కిందికి దించాను” అన్నాడు. కావ్యార్థ విషయంలో కవి మాట ప్రమాణం కాదు.

పదవిచారము

1. ‘అంగళ్లు రెప్ప మూయు’

ఇది సాధారణ సూత్రం. దీనికి అపవాదం ఉంది. దాన్ని వెచెర్కా అంటారు. పొద్దుపోయిన తరువాత కూడా తెరిచి ఉండే వీధి చివరి చిన్న కొట్టు. 200 చదరపు మీటర్ల లెక్కలోకి రాదు కనుక చట్టం దాని జోలికి పోదు. చెక్ దేశంలో ఇలాంటి కొట్లు చాలామటుకు వియత్నాం కుటుంబాలవి. సోషలిస్టు ప్రభుత్వాల నాటి ఒప్పందాల మీద చదువులకూ ఫ్యాక్టరీ పనులకూ వచ్చినవారితో ఆ సమాజం మొదలైంది. 2013లో ప్రభుత్వం వారిని జాతీయ అల్పసంఖ్యాక వర్గంగా గుర్తించింది. ఊరంతా తలుపులు బిగించుకున్న సాయంత్రం మావాడికి బియ్యం, నిమ్మకాయలు, పచ్చిమిర్చి, వేరుశెనగపప్పు దొరికింది అటువంటి కొట్లోనే. పరాయివాణ్ణి పండుగపూట ఆదుకున్నది, అంతకుముందు పరాయివారై వచ్చినవారు.

ఇక్కడొక తాత్విక రహస్యం దాగి ఉంది. కొట్లన్నీ తెరిచే ఉన్నాయనుకోండి. ఎవరికి వారు ఒక శాండ్‌విచ్ కొనుక్కొని, మంచం మీద గోడవైపు తిరిగి, ఫోను చూసుకుంటూ తినేవారు. బాటసారులు ఒకరినొకరు ఎంత ప్రేమగా చూసుకుంటారో అని మురిసి రాసే యాత్రాకథకులు ఈ సంగతి గమనించరు. ఆ రాత్రి వాళ్లను ఒక బల్ల చుట్టూ చేర్చింది విశ్వమానవ ప్రేమ కాదు, దుకాణాల చట్టం. ప్రేమ ఆ తరువాత, అన్నం వడ్డించాక వచ్చింది.

2. ‘ఎవ్వారి వంట వారె’

ఎవ్వారు? బ్రెజిల్ కుర్రవాడు అన్నంలో ఎండుద్రాక్ష వేశాడు. క్రిస్మసు అన్నంలో ద్రాక్ష ఉండాలా కూడదా అని వారి దేశంలో ఏటా ఇంటింటా వాదులాట జరుగుతుందట. పప్పులో బెల్లం వేయవచ్చునా అని జిల్లాలవారీగా చీలిపోయిన జాతి మనది, మనకు ఆశ్చర్యం కలగదు. కొరియా అమ్మాయి కిమ్చి కలిపి అట్లు పోసింది. ఆస్ట్రేలియా అమ్మాయి బంగాళాదుంపలు కాల్చి తెచ్చి, మా ఊళ్లో క్రిస్మసంటే నడివేసవి, సముద్రపు ఒడ్డున జరుపుకుంటాం అంటూ రెండు స్వెట్టర్లలో వణికింది. అరవై దాటిన న్యూజిలాండు పెద్దాయన ఒకాయన బీన్సు డబ్బా మూత తీసి పెట్టాడు. ‘వండి’ అన్న పదం దీనికి వర్తించదని ఎవరో అనగా, మూత తీయడానికి పట్టిన శ్రమ తక్కువది కాదని ఆయన సమాధానం. డబ్బాకు పట్టుకుని లాగే రింగు లేకపోవడం, ఆ వంటింట్లో డబ్బా కోసే సాధనం లేకపోవడం దృష్ట్యా మేము ఆ వాదాన్ని ఆమోదిస్తున్నాము.

రిసెప్షన్ అమ్మాయి స్థానికురాలు. తెచ్చినది వేయించిన కార్ప్ చేప, బంగాళాదుంపల సలాడు. చెక్‌వారికి క్రిస్మసు భోజనం 24 సాయంత్రమే. ఆ రోజును ఉదారమైన రోజనే అర్థంలో ష్త్యెద్రీ దెన్ అంటారు. ఆ చేప మన చెరువుల్లోని బంగారుతీగే. పండుగకు కొద్దిరోజుల ముందు నుంచి వీధుల్లో పెద్ద తొట్లు పెట్టి బతికిన చేపలు అమ్ముతారు. కొందరు ఇంటికి తెచ్చి పండుగ దాకా స్నానాల తొట్టిలో వదులుతారు. పిల్లలు దానికి పేరు పెట్టారంటే ఇక కోయడం కష్టం. వాటి పుట్టిల్లు దక్షిణ బొహీమియాలోని త్రెబోన్ చెరువులు. అక్కడి రోజ్‌మ్‌బెర్క్ చెరువును యాకుబ్ క్ర్చీన్ అనే ఆయన 1584 నుంచి 1590 దాకా కట్టించాడు. కాకతీయుల చెరువుల నీళ్లు తాగి పెరిగిన కవికి ఈ చరిత్ర బాగా నచ్చింది. ఎండిన చేపపొలుసు ఒకటి పర్సులో పెట్టుకుంటే ఏడాదంతా డబ్బుకు లోటుండదని ఆ అమ్మాయి అందరికీ తలొకటి పంచింది. విద్యార్థి పర్సులో దానికి కావలసినంత చోటున్నది.

మరొక ఆచారం: ఆ రోజు పొద్దుటినుంచి ఉపవాసముంటే సాయంత్రం గోడ మీద బంగారు పందిపిల్ల కనిపిస్తుందని అక్కడి పెద్దలు పిల్లలతో చెబుతారు. కొట్లు మూసినందువల్ల మావాడికి ఉపవాసం అప్రయత్నంగా సిద్ధించింది. పంది మాత్రం కనబడలేదు. గోడ కనబడితే కదా! కారణం తాలింపు.

మావాడు చేసినది నిమ్మకాయ పులిహోర. ఆవాలు చిటపటలాడాయి. ఎండుమిర్చి, ఇంగువ పడ్డాయి. ఘాటు లేచింది. బ్రెజిల్ దగ్గింది, కొరియా కిటికీ తెరిచింది, కప్పు మీది పొగ యంత్రం ఆకాశం బద్దలయ్యేలా మొత్తుకుంది. భవనంలోని వారంతా పైజమాలతో, హవాయి చెప్పులతో చలిలోకి పరుగెత్తి, మెట్ల మీద నిలబడి ఒకరినొకరు చూసుకున్నారు. అంతవరకు ఒకే గదిలో పడుకుంటూ ‘హాయ్’ దాటి మాట్లాడుకోనివారికి ఆ పది నిమిషాల్లో ఊళ్లు, చదువులు, వీసాలు, విడాకులు అన్నీ పరస్పరం తెలిసిపోయాయి. శాస్త్రంలో దీన్ని ఉద్దీపన విభావం అంటారు. చంద్రోదయం, మలయమారుతం చేయవలసిన పని ఇక్కడ ఇంగువ చేసింది.

3. ‘ఎవరి గిన్నెలు వారలే’

ఈ వాక్యం మీమాంసకు పెట్టింది పేరు. హాస్టల్లో గిన్నె ఎవరిది? కొన్నవాడిదా, వండినవాడిదా, అందులో తిన్నవాడిదా, చివర తాకినవాడిదా? వంట చేసేవారు డజను, మూకుళ్లు మూడు. ఒకే మూకుట్లో మొదట అట్లు, తరువాత చేప, ఆ తరువాత పోపు. అటువంటి పాత్రలో స్వామ్యం ఎవరికి నిలుస్తుంది? చివర తాకినవాడిదే అని ఆచారం తేల్చింది. అందుకే హాస్టల్లో ఖాళీ మూకుడును ఎవరూ పక్కకు జరపరు.

ఆహారం విషయంలో మాత్రం స్వామ్యం స్పష్టం. ఫ్రిజ్జులో పెట్టే ప్రతి పొట్లం మీద పేరు, గది ఖాళీచేసే తేదీ రాయాలి. తేదీ దాటితే అది అందరిదీ. వెళ్లిపోయేవారు సగం మిగిల్చిన సేమ్యా, ఉప్పు, నూనె సీసా ఒక అరలో పెట్టి పోతారు. ఆ రాత్రి పులిహోరలో పడిన ఉప్పు ఎవరిదో, ఏ దేశస్థుడు కొన్నదో ఏ చరిత్రకారుడూ చెప్పలేడు. ఉప్పు తిన్న విశ్వాసం చూపాలన్నా చూపడానికి మనిషి లేడు.

ఇక్కడ శాస్త్రవిరోధం ఒకటి వచ్చింది. క్రిస్మసు బల్ల దగ్గర అందరి భోజనం ముగియకముందు ఎవరూ లేవకూడదు, ముందు లేచినవారు మళ్లీ క్రిస్మసు చూడరని చెక్‌వారి నమ్మకం. మరి గిన్నెలు కడగడానికి ముందు లేచేదెవరు? పద్యం కడగమంటుంది, ఆచారం లేవవద్దంటుంది. ఉపాయం న్యూజిలాండు పెద్దాయనకు తట్టింది. ఒకటి, రెండు, మూడు అని లెక్కబెట్టి అందరూ ఒక్కసారి లేచారు. ప్రాణగండం తప్పింది గాని, ఉన్న సింకు ఒక్కటే. అక్కడ ఏర్పడిన క్యూలో నిలబడే, పెళ్లికానివారు చెప్పులు భుజం మీదుగా వెనక్కి విసిరే ఆట ఆడారు. చెప్పు ముందుభాగం వాకిలివైపు తిరిగి పడితే ఏడాదిలో ఇల్లు విడిచి అత్తవారింటికి పోతుందని ఆడపిల్లలకు చెప్పే శకునమది. ఆ రాత్రి ఎవరి చెప్పు పడినా వాకిలివైపే చూసింది. మర్నాడు పదకొండింటికి గది ఖాళీ చేయవలసినవారి చెప్పులు మరెటు చూస్తాయి?

4. ‘పది దాటినంతనే వలదు సద్దు’

చెక్ చట్టంలోనే రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నిశ్శబ్దవేళ ఉంది. హాస్టలు దానికి అనువాదం మాత్రమే. అయితే సద్దు రెండు విధాలు. ఆహతం, అనాహతం. మంచం కిర్రు, సంచి జిప్పు, తెల్లవారుజామున నాలుగింటి బస్సుకు పోయేవాడు చీకట్లో ప్లాస్టిక్ కవరు విప్పే చప్పుడు మొదటి జాతివి. ఆ కవరు విప్పేవాడు చప్పుడు కాకూడదని నెమ్మదిగా విప్పుతాడు. అందుచేత చప్పుడు ముప్పావుగంట సాగుతుంది. రెండోది గురక. చేసేవాడికి తప్ప గదిలో అందరికీ వినిపించే నాదం అదే. న్యూజిలాండు పెద్దాయన ఇందులో సిద్ధుడు. ఆయన చేసిన డబ్బా బీన్సును వెక్కిరించినవారందరూ ఆ రాత్రి తగిన ఫలం అనుభవించారు.

తెలంగాణ వ్యాఖ్యాత ఒకరు ఇక్కడ శ్లేష ఉందంటారు. సద్దుల బతుకమ్మ నాటి సద్దుల్లో పులిహోర కూడా ఒకటి కనుక, ‘పది దాటితే పులిహోర పెట్టబడదు’ అని వారి అన్వయం. తొమ్మిదిన్నరకే గిన్నె అడుగంటినందున ఈ అర్థం కూడా చరిత్రకు సరిపోతుంది.

పాఠాంతర ప్రక్షిప్తములు

ఇంగ్లీషు చీటీలోని 10ని ఎవరో నీలిరంగు పెన్నుతో 12గా దిద్దారు. ఇది అర్ధరాత్రి ప్రార్థనకు పోదలచిన వారి పాఠం. యాకుబ్ యాన్ ర్యబా అనే బడిపంతులు 1796లో కూర్చిన చెక్ క్రిస్మసు మాస్‌ను ఏటా ఈ రోజుల్లో చర్చిల్లో పాడతారు. ఈ చరిత్రలో మళ్లీ ఒక పంతులు తగిలినందుకు మేము బాధ్యులం కాము. దైవం తెలియనివారు, నమ్మనివారు, చలికి మాత్రమే భయపడేవారు కూడా పాట కోసం కలిసి పోయారు. తిరుగు ప్రయాణానికి తొంభైల అంకెలు వేసుకుని రాత్రంతా తిరిగే ట్రాములున్నాయి. వారు వచ్చేసరికి ఒంటిగంట దాటింది. 12 అనే పాఠం కూడా భగ్నమైంది.

కింద మరొక చేతిరాతలో ‘తీపి: త్రదెల్నీక్, ప్రాచీన చెక్ సంప్రదాయం’ అని ఒక ముక్క ఉంది. కడ్డీకి చుట్టి నిప్పుల మీద కాల్చి, చక్కెరలో దొర్లించి, పాత బస్తీ చౌకులోని క్రిస్మసు సంతలో అమ్మే రొట్టెగొట్టం అది. రిసెప్షన్ అమ్మాయి దాన్ని ఎర్రసిరాతో కొట్టేసింది. తన చిన్నప్పుడు ప్రాగ్‌లో అటువంటిదే లేదన్నది. 2007లో యూరోపియన్ యూనియన్ భౌగోళిక గుర్తింపు ఇచ్చిన త్రదెల్నీక్ పొరుగున స్లొవేకియాలోని స్కలిత్సాది. టూరిస్టుల కోసం ప్రాచీనమైన వంటకం అన్నమాట. సంతలో అది ప్రక్షిప్తం, చీటీలో ఆ ముక్క ప్రక్షిప్తం. ప్రక్షిప్తంలో ప్రక్షిప్తాన్ని పరిష్కర్త దగ్గరుండి కొట్టేసిన సందర్భం ఇంత స్పష్టంగా మన గ్రంథాల్లో దొరకదు.

అలక విచారము

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ పద్యంలో ప్రధానమైనది ఉన్న మాటా, లేని మాటా? పరిశీలించండి. తేవలెను, కడుగవలయు, వలదు. క్రియలన్నీ విధులూ నిషేధాలే. ‘రండి’ అన్న మాట ఎక్కడా లేదు. ‘సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి’ లేదు. పిలిచేవాడు లేని విందు ఇది.

పూర్వపక్షం: అందుచేతనే ఇది సర్వోత్తమమైన పండుగ. మన ఇళ్లలో పండుగలు చెడేది పిలుపు దగ్గర. బొట్టుపెట్టి పిలవలేదని ఒకరు, ఫోనులో చెప్పి సరిపెట్టారని ఒకరు, ముందు వాళ్లకు చెప్పి తరువాత మాకు చెప్పారని మరొకరు. సంక్రాంతికి వచ్చిన కొత్త అల్లుడు అలిగితే ఆ అలక తీర్చడానికి వెనకటికి సైకిలు, తరువాత స్కూటరు, ఇప్పుడు ఇంకేదో. హాస్టల్లో పిలిచినవాడు లేడు కనుక పిలవబడనివాడూ లేడు. అందరూ అతిథులే, గృహస్థు లేడు. గృహస్థు లేనిచోట మర్యాద తక్కువైందన్న మాట రాదు. పెద్దపీట లేదు, చిన్నపీట లేదు. ఉన్నవి ప్లాస్టిక్ కుర్చీలు, వాటిలో ఒకటి విరిగింది, దాని మీద వంతులవారీగా కూర్చున్నారు. అలక పుట్టే నేల అక్కడ లేదు. కవి ఫోనులో అన్నది కూడా ఇదే: “చాలా హాయిగా ఉంది మామయ్యా. ఎవ్వరూ ఏమీ అనలేదు.”

అన్యమతం: ఇది కవి తల్లిగారిది. ప్రాగ్‌లో బల్ల చుట్టూ చేరిన ఏడు గంటలు హైదరాబాదులో రాత్రి పదకొండున్నర. అప్పటికి నిద్ర మానుకొని ఫోను పట్టుకున్న మా అక్కయ్య ఈ మాట విని ఒక్క వాక్యంలో ఖండించింది: “ఎవరూ ఏమీ అనకపోతే అదేం పండగరా?”

సిద్ధాంతం: మేము అక్కయ్య మతాన్నే అంగీకరిస్తున్నాము. భయం వల్ల అని కొందరు అంటారు, కాదు. అలగడానికి హక్కు కావాలి. హక్కుకు రాబోయే ఏడు కావాలి. వచ్చే పండుగకు మళ్లీ ఎదురుపడతామన్న నమ్మకం ఉన్నచోటే మనిషి మూతి ముడుస్తాడు, ఆ ముడుపు విప్పడానికి ఇంకొకరు వెంటపడతారు. హాస్టలు బంధుత్వం ఉదయం పదకొండింటికి ముగుస్తుంది. బ్రెజిల్ కుర్రవాడు సంచి భుజాన వేసుకుంటే అందరూ కౌగిలించుకున్నారు, ఫొటోలు దిగారు, ఇన్‌స్టాగ్రాముల్లో ఒకరినొకరు చేర్చుకున్నారు. ‘ఇవాళొక్కరోజు ఉండరాదూ’ అన్నవారు లేరు. అనకపోవడం తప్పూ కాదు. అతని మంచం పన్నెండింటికల్లా మరొకరికి ఇచ్చేశారు. మన ఇళ్లలో చుట్టం ప్రయాణమైతే చెప్పులు దాచే పిల్లలున్నారు, వర్జ్యమని అడ్డుపడే ముసలమ్మలున్నారు. ఆ వర్జ్యం పంచాంగంలో వెతికినా కనబడదు.

అయితే ఇందువల్ల హాస్టలు పండుగ తక్కువదా? కాదు. దాని లెక్క వేరు. ఇంటి పండుగ అప్పు లాంటిది, ఏటా వడ్డీతో తిరుగుతుంది. ఇది దానం. ఎవరి ఉప్పో తెలియదు, ఎవరికి వడ్డించామో మళ్లీ చూడం, అయినా రెండోసారి వేశాం. తిరిగి పిలుస్తారన్న ఆశ లేకుండా వడ్డించడం ఆ ఒక్క రాత్రి మావాడికి వచ్చింది. తిరిగి పిలవలేదని అలిగే హక్కు ఆ రాత్రి అతనికి లేదు. ఈ రెండూ కలిపి పుచ్చుకోవలసిందే. ఒకటి కావాలి ఒకటి వద్దు అంటే హాస్టలూ ఒప్పుకోదు, అక్కయ్యా ఒప్పుకోదు.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్యానాన్ని ప్రయాణానికి ముందు చదివినవారికి కింది మంచం దొరుకును. మంచం పక్కనే ప్లగ్గు ఉండును. గురకపెట్టువారు వేరొక గదిలో పడుదురు. విన్నవారికి స్నానాల గదిలో వేడినీళ్లు చివరిదాకా వచ్చును. రాసుకున్నవారి పులిహోరకు పొగ యంత్రము మూగబోవును. వెక్కిరించినవారు మూకుడు చివర తాకినవారగుదురు.

గద్య

ఇది శ్రీమత్ప్రాగ్నగర జిజ్‌కోవ్పుర హాస్టలు మహానస శీతలపేటికా కవాట లిఖిత తేటగీతికి, కవి మాతులుడును, విశ్రాంత తెలుగు పండితుడును అగు నాచేత రచింపబడిన వ్యాఖ్యానమున ప్రథమాశ్వాసము. స్నానాల గది తలుపు మీద కవి రాసినట్లు వినవచ్చుచున్న కందపద్యమునకు వ్యాఖ్య ద్వితీయాశ్వాసముగా, కవి సంక్రాంతికి ఇంటికి వచ్చినచో వెలువడును. రానిచో వ్యాఖ్యాత అలిగినట్లు గ్రహించి, కవియే వచ్చి అలక తీర్చవలెను.